సముద్రం మీది సరిహద్దు: ఆంధ్ర తీరంలో చేపలవేట నిబంధనల రాజకీయ చరిత్ర

చేపలవేటకు నియమం పెట్టడం చెరువులో ఒక తీరు, సముద్రంలో మరొక తీరు. తెలంగాణలోని మోకిల పరిసరాల్లోనూ, చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతపు ఊళ్లలోనూ ఉన్న చెరువులకు కట్ట ఉంది, అలుగు ఉంది, నీరు ఎంత మేర నిలుస్తుందో తెలిపే శిఖం భూమి ఉంది. కాబట్టి ఆ నీటిలో వల వేసే హక్కు బెస్తలదో ముదిరాజులదో, ఏ మత్స్య సహకార సంఘానిదో కాగితం మీద రాసి, కౌలు నిర్ణయించి, గడువు తేదీ వేయడం సాధ్యమవుతుంది. సముద్రంలో కంటికి కనిపించే హద్దు ఏదీ లేదు. అక్కడి హద్దును చట్టమే గీయాలి, గీసినదాన్ని ప్రభుత్వమే కాపాడాలి. ఆంధ్ర తీరం విషయంలో ఆ గీత గీసే అధికారం తీరగ్రామాల చేతిలో ఎన్నడూ లేదు. తొలుత అది మద్రాసులో ఉంది, 1956 నుంచి 2014 వరకు హైదరాబాదులో ఉంది, లోతు సముద్రానికి సంబంధించినంత వరకు ఢిల్లీలో ఉంది. 1994లో సముద్రవేట నియంత్రణ చట్టాన్ని ఆమోదించిన శాసనసభలో, సముద్రమే లేని చేవెళ్ల సభ్యుడి ఓటుకూ సముద్రం మీదే బతికే నరసాపురం సభ్యుడి ఓటుకూ ఒకే విలువ ఉండేది. ప్రజాస్వామ్యంలో అది సహజమే అయినా, తీరం గురించిన నిర్ణయం తీరానికి ఎంత దూరంలో జరిగిందో గుర్తుంచుకోకుండా ఈ చరిత్ర అర్థం కాదు.

సర్కారు చట్టం రాకముందు తీరంలో కట్టుబాట్లు లేవనుకోవడం సరికాదు. ఉత్తర తీరంలో వాడబలిజలు, జాలరులు, గోదావరి, కృష్ణా నదుల ముఖద్వారాల్లో పల్లెకారులు, అగ్నికుల క్షత్రియులు, దక్షిణాన నెల్లూరు వైపు పట్టపువారు ఊరూరా కులపెద్దల పంచాయతీని నిలుపుకొని, అలివి వలను, అంటే నీటిని చుట్టి వేసి రెండు కొసలనూ ఒడ్డు నుంచి రెండు జట్లు లాగే పొడవైన వలను, ఎవరు ఏ చోట ఏ వరుసలో వేయాలో తామే తేల్చుకునేవారు. పులికాట్ సరస్సులో ‘పాడు’ అనే పద్ధతి ఇంకా పకడ్బందీగా నడిచింది: రొయ్యలు ఎక్కువగా దొరికే చోట్లను గుర్తించి, హక్కు ఉన్న కుటుంబాలకు వంతుల వారీగా వాటిని పంచే ఏర్పాటు అది, కాబట్టి మంచి చోటు ఎప్పుడూ ఒకే చేతిలో ఉండిపోయేది కాదు. ఈ కట్టుబాట్లను ఆదర్శంగా కీర్తించడం మాత్రం తగదు. అవి కులం లోపలి న్యాయాలు; కులం వెలుపలివారికి నీటిలో చోటు లేదు, పంచాయతీలో స్త్రీలకు మాట లేదు. అయినా నియమాన్ని పెట్టినవాడూ పాటించినవాడూ ఒకే ఒడ్డున కాపురం ఉండేవారన్న గుణం వాటిలో ఉంది, తరువాత వచ్చిన ఏ చట్టంలోనూ ఆ గుణం కనిపించదు.

మత్స్యకారుడి జీవితంలోకి రాజ్యం మొదట చేప ద్వారా కాక ఉప్పు ద్వారా ప్రవేశించింది. 1805లో మద్రాసు ప్రభుత్వం ఉప్పు తయారీనీ అమ్మకాన్నీ తన గుత్తాధిపత్యం కిందికి తెచ్చుకుంది. పట్టిన చేపను ఎండబెట్టి, ఉప్పు పట్టించి లోపలి ఊళ్లకు పంపడమే నాటి వర్తకమంతా కాబట్టి, పన్ను కలిసి పెరిగిన ఉప్పు ధర నేరుగా వల వేసేవాడి మీద పడింది. చవుడు నేలల్లోని ఉప్పుమన్నుతో పని గడుపుకుందామంటే అది నేరమైంది. చేప ఎంత పడినా దాన్ని నిలవ చేసే దారి మూసుకుపోయిన ఈ స్థితిని, 1873లో దేశపు మంచినీటి చేపలపై నివేదిక సమర్పించిన వైద్యాధికారి ఫ్రాన్సిస్ డే వంటివారు ప్రభుత్వం దృష్టికి తెచ్చారు. ఫలితంగా 19వ శతాబ్దపు చివరి పాదంలో తీరం పొడవునా ఉప్పుచేపల యార్డులు వెలిశాయి. వాటి కంచె లోపల, అధికారుల కళ్లెదుట చేపకు పట్టించడానికి మాత్రమే పన్ను లేని ఉప్పు దొరికేది. ఆ ఏర్పాటు మేలు చేసిన మాట నిజమే, కానీ దానితోనే మత్స్యకారుల ఇంటి పని సర్కారు ప్రాంగణంలోకి, సర్కారు వేళల్లోకి, సర్కారు లెక్కల పుస్తకంలోకి వెళ్లిపోయింది. ఉప్పు పన్ను 1947లో గానీ పూర్తిగా పోలేదు. చేపల నిబంధనల చరిత్ర రాసేవారు దీన్ని ఉప్పు సత్యాగ్రహపు కథలో భాగంగా వదిలేసి ముందుకు సాగుతుంటారు. నిజానికి తీరంలో రాజకీయ నిర్ణయం పూట కూటిని ఎలా శాసిస్తుందో చూపే తొలి పాఠం ఇదే.

వేటను నేరుగా నియంత్రించే తొలి శాసనం 1897 నాటి భారత మత్స్య చట్టం. మందుగుండుతోనో విషంతోనో చేపలను చంపడాన్ని అది నిషేధించి, తీరం నుంచి ఒక సముద్ర లీగు వరకు, అంటే మూడు నాటికల్ మైళ్లు లేదా సుమారు అయిదున్నర కిలోమీటర్ల మేర, ఆ నిషేధాన్ని విస్తరించింది. ఆంధ్ర సముద్రం మీద గీసిన తొలి గీత ఇదే అనవచ్చు. తరువాతి దశాబ్దంలో సర్ ఫ్రెడరిక్ నికల్సన్ నాయకత్వాన మద్రాసులో మత్స్యశాఖ రూపుదిద్దుకుంది. గ్రామీణ సహకార పరపతిపై అంతకుముందే ప్రసిద్ధమైన నివేదిక రాసిన నికల్సన్, జపాను తీరాన్ని చూసి వచ్చి కూడా, ఆవిరి ట్రాలర్లను ఒక్కసారిగా దించాలన్న ఆలోచనను అంగీకరించలేదు. తెప్ప మీది మనిషినే మెల్లగా మెరుగైన పడవకు, మెరుగైన వలకు, సహకార సంఘానికి తీసుకురావాలన్నది ఆయన అభిప్రాయం. వలస ప్రభుత్వపు అధికారి చూపిన ఈ ఓపిక స్వతంత్ర ప్రభుత్వాలకు లేకపోవడం విచారకరం.

1952లో భారత్, నార్వే, ఐక్యరాజ్యసమితి కుదుర్చుకున్న ఒప్పందంతో కేరళలోని నీండకర వద్ద మొదలైన ప్రాజెక్టు స్థానిక మత్స్యకారుల బతుకు బాగుచేసేందుకు ఉద్దేశించినదే. పదేళ్లు తిరిగేసరికి అమెరికా, జపాను బజార్లలో రొయ్యకు పలికిన ధర దాని దిశను మార్చింది. ట్రాల్ వల, అంటే మరపడవ వెనక నేల రాచుకుంటూ సాగే సంచి వంటి వల, తూర్పు తీరానికీ పాకింది. విశాఖపట్నం, కాకినాడ మరపడవల కేంద్రాలయ్యాయి. ప్రభుత్వాలు సబ్సిడీలిచ్చి పడవలు కట్టించాయి. 1972లో సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ ఏర్పడింది. ఇక్కడే అసలు చిక్కు పుట్టింది. ధర పలికే రొయ్య లోతు సముద్రంలో కాక తీరానికి దగ్గరగా, తక్కువ లోతులో, బురద నేల మీద బతుకుతుంది. కాబట్టి దూరం పోగల శక్తి ఉన్న మరపడవ తెప్పలు తిరిగే నీటిలోకే వచ్చి, అక్కడ పరిచి ఉంచిన చిన్న వలలను తెంపుకుంటూ పోయేది. నష్టపోయినవాడు పేద, లాభపడినవాడు విదేశీ మారకద్రవ్యం తెచ్చిపెట్టేవాడు. ప్రభుత్వం ఎవరి మొర ముందు విన్నదో చెప్పనక్కర లేదు.

రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం మత్స్య పరిశ్రమ రాష్ట్ర జాబితాలోనిది, ప్రాదేశిక జలాలకు ఆవల వేట కేంద్ర జాబితాలోనిది. 1976 నాటి సముద్ర మండలాల చట్టం ప్రాదేశిక జలాలను 12 నాటికల్ మైళ్లుగానూ, దేశానికి ప్రత్యేక ఆర్థిక హక్కులున్న మండలాన్ని 200 నాటికల్ మైళ్లుగానూ నిర్ణయించింది. తీరమంతటా ఘర్షణలు ముదరడంతో కేంద్రం నియమించిన మజుందార్ కమిటీ సంప్రదాయ వేటకు ప్రత్యేక మండలం ఉండాలంది, ఆ మీదట రాష్ట్రాలకు ఒక నమూనా బిల్లు అందింది. కేరళ 1980లో, ఒడిశా 1982లో, తమిళనాడు 1983లో చట్టాలు చేసుకున్నాయి. ఆంధ్రప్రదేశ్ 1994 దాకా ఆగింది. అప్పటి లెక్కల ప్రకారం 974 కిలోమీటర్ల తీరం, తొమ్మిది తీర జిల్లాలు ఉన్న రాష్ట్రం కేరళ కంటే 14 ఏళ్లు వెనకబడడానికి పరిపాలనా జాప్యమొక్కటే కారణమని నమ్మడం కష్టం. కేరళలో మత్స్యకార్మికులు చర్చి ప్రాంగణాల నుంచి సచివాలయం దాకా ఒక్క గొంతుతో కదిలారు. ఆంధ్రలో అదే వృత్తివారు వేర్వేరు కుల సంఘాలుగా, వేర్వేరు జిల్లాల నాయకుల అనుచరులుగా విడిపోయి, ప్రతి నియోజకవర్గంలోనూ కొన్ని వేల ఓట్లుగా మాత్రమే లెక్కకు వచ్చారు. మరపడవల యజమానులకూ ఎగుమతిదారులకూ నేరుగా మంత్రుల గుమ్మం దాకా దారి ఉండేది.

ఎట్టకేలకు వచ్చిన చట్టం, 1995 నాటి దాని నియమాలు పడవల రిజిస్ట్రేషనూ లైసెన్సూ తప్పనిసరి చేసి, ఉల్లంఘనకు జరిమానాలు విధించే అధికారాన్ని అధికారులకు అప్పగించాయి. తీరం నుంచి 8 కిలోమీటర్ల వరకు నీరు సంప్రదాయ పడవలకే ప్రత్యేకమన్న హద్దు ఈ నియంత్రణకు గుండెకాయ వంటిది.

ఆ రోజుల్లోనే ఢిల్లీ నుంచి మరో ప్రమాదం వచ్చింది. 1991 నాటి లోతు సముద్ర వేట విధానం విదేశీ సంస్థలతో ఉమ్మడి నౌకలకు తలుపులు తెరిచినప్పుడు, జాతీయ మత్స్యకార్మికుల వేదిక పిలుపుతో 1994లో దేశవ్యాప్తంగా సమ్మెలు జరిగాయి. సాధారణంగా ఎదురెదురుగా నిలిచే చిన్న పడవలవారూ మరపడవలవారూ ఈ ఒక్క విషయంలో కలిశారు. కేంద్రం పి. మురారి అధ్యక్షతన కమిటీని నియమించింది, అది 1996లో ఇచ్చిన 21 సిఫార్సులలో ఆ నౌకల లైసెన్సుల రద్దు ప్రధానమైనది, మరుసటి ఏడు ప్రభుత్వం వాటిని అంగీకరించింది. వేట నిబంధనలపై రాజకీయ ప్రభావం అనగానే పలుకుబడి గలవారి ఒత్తిడే గుర్తుకు వస్తుంది కానీ, వల వేసేవారు తామే రాజకీయ శక్తిగా నిలిచి గెలిచిన సందర్భం ఇది, దీన్ని విస్మరిస్తే చరిత్ర సగమే చెప్పినట్లవుతుంది.

ఒక్కోసారి నిబంధన సముద్రాలు దాటి వచ్చింది. రొయ్యల వలలో చిక్కి చనిపోయే సముద్రపు తాబేళ్లను కాపాడేందుకు అమెరికా 1989లో చేసిన చట్టం, వలలో తాబేలు బయటపడే కమ్మీల చట్రాన్ని అమర్చని దేశాల నుంచి రొయ్యల దిగుమతిని ఆపింది. 1996లో అది ఆసియా దేశాలకూ వర్తించింది. భారత్, మలేసియా, పాకిస్తాన్, థాయిలాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థలో సవాలు చేయగా, 1998లో తీర్పు అమెరికా ఆ చట్టాన్ని అమలు చేసిన తీరును తప్పుపట్టింది. అయినా 2019లో భారతీయ సముద్రపు రొయ్యపై అమెరికా మళ్లీ తలుపు మూసింది. చెరువుల్లో పెంచిన రొయ్యకు ఈ ఆంక్ష లేదు. ఆంధ్ర తీరంలో ఎగుమతి వ్యాపారం, దానితో పాటే రాజకీయ పలుకుబడి, సముద్రం నుంచి రొయ్యల చెరువుల వైపు మళ్లిన కాలంలో ఈ దెబ్బ తగిలింది, కాబట్టి వలలవారి పక్షాన గట్టిగా అడిగేవారు తగ్గిపోయారు.

వేసవి వేట నిషేధం కథ దీనికి భిన్నమైనది. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరంలో తొలుత 47 రోజులుగా ఉన్న నిషేధం 2015 నుంచి 61 రోజులైంది, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవలు, ఇంజను పడవలు ఒడ్డునే ఉంటాయి. ఆ రెండు నెలల భృతి 4,000 రూపాయల నుంచి 2019లో 10,000కు, 2025లో 20,000కు పెరిగింది, రెండు పెంపులూ ఎన్నికల వాగ్దానాల వెంట వచ్చినవే. భృతి వారి హక్కు, పెంపు న్యాయమే. కాకపోతే చర్చంతా ఆ మొత్తం చుట్టూనే తిరిగి, నిషేధం ముగిసిన నాడు ఎన్ని పడవలు, ఏ వలలతో, ఎంత దగ్గరలో వేటకు దిగుతున్నాయన్న ప్రశ్న ఎన్నికల వేదిక మీదికి రానే లేదు.

ఆ ప్రశ్న 2022 జనవరిలో విశాఖపట్నం వద్ద నీటి మీదనే పేలింది. రింగు వల అంటే చేపల గుంపును చుట్టుముట్టి, అడుగున తాడు బిగించి మొత్తాన్ని ఒక్కసారిగా పైకి తీసే వల. కవ్వలు, కానాగంతలు వంటి గుంపు చేపలను అది ఎక్కువగా పడుతుంది, దాని ఖరీదు లక్షల్లో ఉంటుంది. ఈ వలను వద్దన్న పెదజాలరిపేటవారికీ, వాడుతున్న వాసవానిపాలెం, మంగమారిపేట తదితర ఊళ్లవారికీ మధ్య సముద్రంలో ఘర్షణ జరిగి, పడవలు తగలబడి, ఊళ్లలో పోలీసులు మోహరించారు. అధికారులు, మంత్రులు రెండు పక్షాలనూ కూర్చోబెట్టి, రింగు వల 8 కిలోమీటర్ల ఆవలే వేయాలన్న నియమాన్ని మళ్లీ చదివి వినిపించారు. ఇరువైపులా ఉన్నవారు సంప్రదాయ మత్స్యకారులే, బంధుత్వాలు కలిసినవారే. మరపడవను ఆపడానికి గీసిన గీత, సంప్రదాయ వేట లోపలే పెట్టుబడి పెరిగి తేడాలు వచ్చినప్పుడు ఎవరిని ఎవరి నుంచి కాపాడాలో చెప్పలేకపోయింది. పాత కులపంచాయతీ ఒక ఊరి లోపలి తగువును తీర్చగలదు, రెండు ఊళ్ల మధ్య తగువుకు అది చాలదు. ఆ ఖాళీలోకి పార్టీల నాయకులు ప్రవేశించారు.

నెల్లూరు తీరంలో ఇదే తగువు రెండు రాష్ట్రాలది. తమిళనాడు 1983 నాటి నియమం మరపడవలను మూడు నాటికల్ మైళ్లకు ఆవల ఉండమంది, ఆంధ్ర నియమం 8 కిలోమీటర్లకు ఆవల ఉండమంటుంది. ఆ లెక్కన ఆరు కిలోమీటర్ల దూరంలో వల లాగే పడవ ఒక రాష్ట్రంలో చట్టబద్ధం, మరో రాష్ట్రంలో నేరం అయ్యేది. అల్లూరు మండలం ఇసకపల్లి వంటి ఊళ్లవారు తమిళ మరపడవలను అడ్డగించి ఒడ్డుకు తెచ్చిన ప్రతిసారీ వ్యవహారం చట్టం దారిలో కంటే రాజీ దారిలోనే తెమిలింది, తెగిన వలల నష్టం తెగిన వలలవారికే మిగిలింది.

కేరళ 2017లో తన చట్టాన్ని సవరించి, గ్రామ, జిల్లా, రాష్ట్ర స్థాయుల్లో మత్స్య నిర్వహణ మండళ్లకు చోటు కల్పించింది, వేట నియమాల చర్చలో మత్స్యకార ప్రతినిధులకు అధికారుల సరసన స్థానం దొరికింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1994 నాటి చట్టాన్ని అదే దారిలో సవరించాలి. పెదజాలరిపేట, వాసవానిపాలెం పెద్దలు, వారితో పాటు ఒడ్డున చేప అమ్మే స్త్రీలు, రింగు వలకు హద్దు ఎక్కడ ఉండాలో ఘర్షణకు ముందే ఒకచోట కూర్చొని తేల్చుకునే చట్టబద్ధమైన వేదికను కల్పించాలి. తమిళనాడుతో దూరాల తేడాను రెండు రాష్ట్రాల మండళ్ల ద్వారా సరిచేసుకోవాలి. దీనికి కొత్త రేవులు కట్టనక్కర లేదు, కోట్ల నిధులు అక్కర లేదు, ఒక సవరణ బిల్లు చాలు.