డిఫ్ (ఫైలు కూర్పుల పోలిక)

ఒకే ఫైలు తాలూకు రెండు కూర్పులను లైను లైనుగా పోల్చి, మారిన చోట్లను మాత్రమే చూపే కమాండు డిఫ్. ఆర్‌సీఎస్ నుంచి గిట్ దాకా కూర్పుల నియంత్రణ సాధనాలు ఎన్నో ఈ పోలిక మీద ఆధారపడ్డాయి.

అమెరికాలో న్యూజెర్సీలోని మర్రే హిల్‌లో ఉన్న బెల్ ల్యాబ్స్‌లో డగ్లస్ మెకిల్‌రాయ్ దీన్ని రాశారు. 1974లో యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ అయిదో ఎడిషన్‌తో ఇది బయటికి వచ్చింది. రెండు ఫైళ్లలోనూ ఒకే క్రమంలో కనబడే లైన్లలో అతి పొడవైన వరుసను పట్టుకోవడం దీని మూలసూత్రం. ఆ వరుసలో ఇమడనివే మార్పులు. ప్రతి లైనునూ ప్రతి లైనుతో పోల్చాలంటే, వెయ్యి లైన్ల ఫైళ్లకు పది లక్షల పోలికలు అవసరం. ఆనాటి పీడీపీ-11 యంత్రంలో ప్రోగ్రాముకు దక్కే మెమరీ చాలా తక్కువ. అందుకని ఒక్కో లైనును ఒక్కో సంఖ్యగా కుదించి, సరిపోలిన జంటలనే లెక్కలోకి తీసుకున్నారు. ఈ చక్కని పద్ధతిని జేమ్స్ హంట్, మెకిల్‌రాయ్ 1976లో సాంకేతిక నివేదికగా వెలువరించారు. మరుసటి ఏడాది హంట్, థామస్ షిమాన్‌స్కీ దాన్ని మరింత మెరుగుపరిచారు.

ఏడో లైనులో ‘ధర 40’ కాస్తా ‘ధర 45’ అయిందనుకుందాం. డిఫ్ ముందు ‘7సి7’ అని రాసి, దాని కింద పాత లైనును < గుర్తుతో, కొత్తదాన్ని > గుర్తుతో చూపుతుంది. ‘సి’ అంటే మార్చమని ‘ఈడీ’ ఎడిటర్‌కు ఇచ్చే ఆదేశం. డిఫ్‌కు ‘-ఈ’ ఆప్షన్ ఇస్తే వచ్చే ఆదేశాలను ఆ ఎడిటర్‌కు అందించి, పాత ఫైలు నుంచే కొత్తదాన్ని తయారు చేసుకోవచ్చు. చదవడానికీ పనికొచ్చి, యంత్రం చేత చేయించడానికీ పనికొచ్చిన ఈ ద్వంద్వ గుణమే డిఫ్‌ను నిలబెట్టింది.

మార్క్ రోచ్‌కైండ్ 1972లో బెల్ ల్యాబ్స్‌లోనే మొదలుపెట్టిన కూర్పుల నియంత్రణ సాధనం ఎస్‌సీసీఎస్, కూర్పుల మధ్య తేడాలనే దాచేది. 1982లో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో వాల్టర్ టిషీ రూపొందించిన ఆర్‌సీఎస్ తాజా కూర్పును పూర్తిగా ఉంచుకుని, పాతవాటిని వెనక్కి లెక్కగట్టేది. డిఫ్ చూపిన తేడాలను పాత ఫైలుకు వర్తింపజేసే లారీ వాల్ ‘ప్యాచ్’ ప్రోగ్రాము 1985లో వచ్చింది. యూజీన్ మయర్స్ 1986లో ప్రచురించిన ఆల్గారిథమ్‌నే గిట్ నేటికీ మామూలుగా వాడుతుంది. + – గుర్తులతో, చుట్టుపక్కల లైన్లను కూడా కలిపి చూపే ఏకీకృత రూపం 1990లో వేన్ డేవిసన్ కల్పన. తర్వాత సబ్‌వెర్షన్, 2005లో గిట్ వచ్చాయి.

లైనే కొలమానం కావడం తెలుగు వచనానికి ఇబ్బంది. పేరా మొత్తం ఒకే లైనుగా ఉంటే, ఒక్క ఒత్తు దిద్దినా పేరా అంతా తీసేసి మళ్లీ రాసినట్టు కనబడుతుంది. గిట్ డిఫ్‌లోని ‘వర్డ్-డిఫ్’ ఆప్షన్ వాడితే దిద్దిన మాట ఒక్కటే తేలుతుంది.