విడాకుల తరువాత ఇల్లు ఎవరిది?

‘విడాకులు’ అన్న మాటలోనే ఆకు ఉంది. కాగితం రాకముందు మన రాతకోతలన్నీ తాటాకు మీదనే జరిగాయి గనుక ఆకంటే పత్రం అని అర్థం చెప్పుకోవటానికి ఇబ్బంది లేదు. ధర్మశాస్త్రాలు పెళ్లిని తెగని ముడి అన్నా, చాలా తెలుగు కులాల్లో కులపెద్దల ఎదుట తెగతెంపులూ ఆపైన మారుమనువూ వాడుకలో ఉండేవి. 1909లో అచ్చయిన థర్‌స్టన్ సంపుటాలు తిరగేసిన వారికి ఆ సంగతి కనబడుతుంది. 1955 హిందూ వివాహ చట్టం సైతం 29వ సెక్షనులో అటువంటి ఆచారాల జోలికి పోలేదు. కనుక విడిపోవటం దొరలు నేర్పిన విద్యేమీ కాదు. విడిపోయాక ఆ ఇల్లు ఎవరిదన్న దగ్గరే మన శాస్త్రమూ, చట్టమూ కూడా నీళ్లు నములుతూ వచ్చాయి.

స్త్రీ ధనం గురించి మాత్రం మనవాళ్లు చాలా రాశారు. కల్యాణి చాళుక్యుల కొలువులో విజ్ఞానేశ్వరుడు మితాక్షర రాశాడు. ఆ కల్యాణి నేటి కర్ణాటకలోని బసవకల్యాణం. ఆ గ్రంథాన్ని పదమూడవ శతాబ్దంలో కేతన ‘విజ్ఞానేశ్వరము’ పేర తెలుగు పద్యాల్లో పెట్టాడు. అంటే కన్నడ దేశంలో పుట్టిన న్యాయం తెలుగు పద్యమెక్కి ఏడు వందల ఏళ్లు దాటింది. సరిహద్దుకు ఇవతల ఉన్న మనకు ఇది గుర్తుంచుకోదగ్గ సంగతి. మితాక్షర స్త్రీ ధనానికి ఇచ్చిన అర్థం విశాలమైనదే. ఆచరణలో మిగిలింది మాత్రం పసుపు కుంకుమల కింద తండ్రి రాసిచ్చిన ఎకరమో, అరెకరమో, ఒంటిమీది నగలో. ఆమె ముప్పై ఏళ్లు అలికి ముగ్గులు పెట్టిన ఇల్లు ఆ లెక్కలోకి రాదు. అది అత్తింటివారి ఉమ్మడి ఆస్తి, లేదా భర్త స్వార్జితం.

రాష్ట్రానికొక చట్టం ఉన్న రోజుల్లో మన కష్టాలు మరీ చిత్రంగా ఉండేవి. మైసూరు సంస్థానం 1933లోనే హిందూ స్త్రీల హక్కుల చట్టం చేసింది. ఆ ప్రకారం కోలారు తెలుగు ఇల్లాలికి భర్త పోయాక దక్కే హక్కు, పొరుగునే మద్రాసు రాజధానిలో ఉన్న హోసూరులోని ఆమె చెల్లెలికి ఉండేది కాదు. బొంబాయి రాష్ట్రం 1947లో హిందూ విడాకుల చట్టం తెచ్చింది. సోలాపూరు మగ్గాల పేటల్లో ఉన్న మనవారికి అది వర్తించింది. మద్రాసు 1949లో బహుభార్యాత్వాన్ని నిషేధిస్తూ, విడాకులకు వీలు కల్పిస్తూ చట్టం చేసింది. బళ్లారి అప్పటికి మద్రాసులోనే ఉంది గనుక దాని కిందికి వచ్చింది. బరంపురం మాత్రం 1936లోనే ఒరిస్సాలో కలిసిపోయింది. అక్కడివారు 1955 దాకా ఆగవలసి వచ్చింది. ఈ చట్టాలన్నీ ముడి ఎలా విప్పుకోవాలో చెప్పాయి. మూట ఎలా పంచుకోవాలో సరిగా చెప్పినది వీటిలో ఒక్కటీ లేదు.

1955 చట్టంలో రెండు సెక్షన్లున్నాయి. 25వ సెక్షను శాశ్వత మనోవర్తి ఇప్పిస్తుంది. అవసరమైతే ఆ మొత్తానికి భర్త స్థిరాస్తి మీద చార్జి పెట్టవచ్చునంటుంది. 27వ సెక్షను పెళ్లినాడో, ఆ దరిదాపుల్లోనో ఇద్దరికీ కలిపి వచ్చిన కానుకల గురించి మాట్లాడుతుంది. గిన్నెలూ చెంబులూ పంచడానికి సెక్షను ఉంది. పాతికేళ్ల కాపురంలో కట్టుకొన్న ఇంటిని పంచడానికి లేదు! పెళ్లి తరువాత సంపాదించిన ఆస్తి ఎవరి పేర రిజిస్టరైతే వారిదే. భర్త స్థిరాస్తిలో భార్యకు వాటా ఇప్పించే సవరణ బిల్లును 2013లో రాజ్యసభ ఆమోదించింది గాని, 2014లో లోక్‌సభ రద్దు కావటంతో అదీ మురిగిపోయింది.

మనోవర్తి కింద భూమి రాయించుకొన్న ఆడవారి సంగతిలో నెల్లూరు జిల్లా తులసమ్మ కేసును చెప్పుకోకుండా ముందుకు పోలేము. ఆమె విడాకులు పొందిన మనిషి కాదు, వితంతువు. 1931లో భర్త పోయాడు. 1944లో మరిది మీద మనోవర్తి దావా వేసింది. డిక్రీ వచ్చింది, 1949లో రాజీ కుదిరింది. కొంత ఆస్తిని ఆమె జీవితాంతం అనుభవించి, తరువాత మరిదికి వదలాలన్నది ఒప్పందం. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చాక ఆమె కొంత కౌలుకిచ్చి, కొంత అమ్మింది. అమ్మే హక్కు నీకెక్కడిదని 1961లో మరిది కోర్టుకెక్కాడు. మునసబు కోర్టు ఆయన పక్షం, జిల్లా కోర్టు ఆమె పక్షం, హైకోర్టు మళ్లీ ఆయన పక్షం. చివరికి 1977 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మనోవర్తి ఎవరో దయతో వేసే ముష్టి కాదు, ముందునుంచీ ఉన్న హక్కు. ఆ హక్కుకు బదులుగా వచ్చిన ఆస్తి 14వ సెక్షను మొదటి భాగం ప్రకారం ఆమెకు పూర్తి సొంతమవుతుంది. రాజీ పత్రంలో రాసుకొన్న ‘జీవితాంతం’ అన్న షరతు చెల్లలేదు. దావా వేసిన నాటినుంచి లెక్కిస్తే ముప్పై మూడేళ్లు. ఒక నెల్లూరు పల్లెటూరి మనిషి పట్టు వదలక పోరాడినందువల్ల దేశమంతటా ఎన్నో దస్తావేజులకు అర్థం మారిపోయింది.

భూమి మాట అది. అద్దె ఇంటి మాట బెంగుళూరు కేసొకటి తేల్చింది. 2005లో సుప్రీంకోర్టు అచలా ఆనంద్ కేసులో ఒక మంచి మాట, ఒక చేదు మాట చెప్పింది. భర్త వదిలేసిపోయిన భార్య, అతడి పేర ఉన్న అద్దె ఇంట్లో ఉంటూ, ఖాళీ చేయమన్న యజమానితో తానే వ్యాజ్యమాడవచ్చు. విడాకులు అయిపోతే మాత్రం భార్య అన్న హోదా పోతుంది, దానితో ఆ హక్కూ పోతుంది. వదిలివేయబడితే ఇల్లుంది, విడుదలైతే లేదు.

అత్తిల్లు పోయాక పుట్టిల్లు. 1956 వారసత్వ చట్టం 23వ సెక్షను ప్రకారం, కుటుంబం కాపురముంటున్న ఇంటిని మగ వారసులు పంచుకొంటేనే ఆడ వారసులకూ భాగం. ఈలోగా అక్కడ నివసించే హక్కు పెళ్లికాని కూతురికీ, భర్త వదిలినదానికీ, వేరుపడినదానికీ, వితంతువుకూ ఉందన్నారు. విడాకులన్న మాట ఆ జాబితాలో లేనే లేదు. 2005లో ఆ సెక్షనునే ఎత్తివేశారు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతో హక్కునిచ్చే సవరణను ఆంధ్రప్రదేశ్ 1986లో చేసి, 1985 సెప్టెంబరు నుంచే అమల్లోకి తెచ్చింది. తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో అదే దారి పట్టాయి. అప్పటికే పెళ్లయిపోయినవారికి ఆ భాగ్యం లేదు. ఒడిషా తెలుగు ఆడపడుచులు 2005 కేంద్ర సవరణ దాకా చూడవలసి వచ్చింది.

పింఛను కథ కూడా ఇదే దారిలో నడిచింది. భర్త బతికుండగా అతడి పింఛనును ఆదాయం కింద లెక్కగట్టి మనోవర్తి నిర్ణయిస్తారు. పింఛనును విడదీసి భార్య పేర వేరే ఖాతా చేసే ఏర్పాటు మనకు లేదు. జర్మనీ 1977లో, ఇంగ్లండు 2000 డిసెంబరులో అటువంటి ఏర్పాటు చేసుకొన్నాయి. మన కేంద్ర ప్రభుత్వ నియమాల్లో, కోర్టు ద్వారా వేరుగా ఉంటున్న భార్యకు కొన్ని షరతులతో కుటుంబ పింఛను అందుతుంది. విడాకులు పొందిన భార్యకు అందదు. చిత్రమేమంటే అదే మనిషి, విడాకులు పొందిన కూతురిగా, తల్లిదండ్రుల మీద ఆధారపడి ఉన్నదైతే తండ్రి పింఛనుకు 2004 నుంచి అర్హురాలైంది. అంటే ముప్పై ఏళ్లు ఎవరికి వండిపెట్టిందో ఆ మనిషి పింఛనులో ఆమెకు కాసు రాదు. ఎప్పుడో విడిచి వచ్చిన ఇంటి పింఛను వస్తుంది. సర్కారు కూడా ఆమెను పుట్టింటికే పంపింది.

యానాం వారి సంగతి వేరుగా చెప్పాలి. ఫ్రెంచివారు 1819లోనే ఇక్కడివారి ఆచారాలకు అడ్డు రామన్నారు. 1881 డిక్రీ ప్రకారం తమ కులాచారాన్ని వదులుకొని, ఫ్రెంచి సివిల్ కోడు కిందికి వెళ్లదలచినవారు వెళ్లవచ్చు. వీరిని రెనోన్సాలు అన్నారు. ఆ కోడులో, వేరే ఒప్పందం లేకుంటే, కాపురంలో కూడబెట్టినది ఇద్దరికీ ఉమ్మడి. అజమాయిషీ మగవాడిదైనా, విడిపోయిననాడు పంపకం ఉంటుంది. గోవాలో పోర్చుగీసు కోడు కూడా ఇటువంటిదే. 1963లో హిందూ వివాహ చట్టాన్ని పుదుచ్చేరికి విస్తరించినప్పుడు రెనోన్సాలను మినహాయించారు. ఆ లెక్కన గోదావరి పాయ ఒడ్డున రెండు తెలుగు ఇళ్లు పక్కపక్కనే ఉంటే, ఒక ఇంటి ఇల్లాలికి విడాకులనాడు పంపకం ఉంది, రెండో ఇంటి ఇల్లాలికి మనోవర్తి అర్జీ ఉంది. ఫ్రాన్సులో 1978 చట్టం మరొక అడుగు వేసింది. మాజీ భర్త మరణించాక వచ్చే పింఛనులో, విడాకులు పొందిన భార్యకూ రెండో భార్యకూ వారి వారి కాపురం ఎన్నేళ్లు సాగిందో లెక్కగట్టి పంచుతారు.