సజీవ ఎర తొట్టి

సజీవ ఎర తొట్టి అనగా చేపలవేటకు ఎరగా వాడే చిన్నచేపలను బ్రతికి ఉండగానే వేట స్థలానికి చేర్చుటకు పడవలో అమర్చే నీటి తొట్టి. గాలానికి పట్టిన చేపలను ఒడ్డుకు చేరేవరకు ప్రాణంతో ఉంచుటకు కూడా ఇటువంటి తొట్టినే వాడతారు. చూడడానికి మామూలు నీళ్ళ తొట్టి వలె ఉన్నా, దీని పనితనమంతా గొట్టాల అమరికలోనే ఉంది. నీరు ఎడతెగక లోపలికి రావాలి, వచ్చినంతా బయటకు పోవాలి, ఒక్క చుక్క కూడా పడవ అడుగున చేరరాదు.

భారతదేశంలో వినియోగం

మన దేశంలో దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ లక్షద్వీప్‌లోని మినికాయ్ దీవి. అక్కడి జాలరులు కర్రకు కట్టిన గాలంతో ట్యూనా (సూర) చేపలను పడతారు. ముందుగా దీవిని ఆనుకుని ఉన్న ఉప్పు కయ్యలో వలతో చిరుచేపలను పట్టి తొట్టిలో నింపుకుంటారు. ట్యూనా గుంపు కనిపించగానే వాటిని కొద్దికొద్దిగా సముద్రంలోకి విసిరి, పడవ పక్కన నీటిని చిలకరిస్తారు. ఆ అలజడిలో ట్యూనాలు ముళ్ళు లేని గాలాన్ని కూడా అందుకుంటాయి. ఎర చనిపోతే గుంపు నిలవదు, ఆనాటి వేట అంతటితో ముగుస్తుంది.

మినికాయ్, మాల్దీవుల పాత కొయ్య పడవలలో పంపు ఉండేది కాదు. తొట్టి అడుగున పడవ చెక్కకే రంధ్రాలు చేసి బిరడాలు బిగించేవారు. బిరడా తీస్తే సముద్రపు నీరు తానే లోపలికి ఎగదన్నేది. పెరిగిన నీటిని మనుషులు చేతులతో తోడిపోసేవారు. యంత్రపు పడవలు వచ్చిన తరువాత ఈ శ్రమ తగ్గింది. జపాన్‌లోనూ, 1950ల చివరివరకు అమెరికాలోని శాన్ డియాగో రేవులోనూ పెద్ద ట్యూనా పడవలు ఇదే పద్ధతిని పంపులతో నడిపాయి.

నీరు ఎందుకు మారాలి

నీటిలో కరిగే ప్రాణవాయువు వేడి పెరిగేకొద్దీ తగ్గుతుంది. లీటరు మంచినీటిలో 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 9 మిల్లీగ్రాములు, 30 డిగ్రీల వద్ద 7.5 మిల్లీగ్రాములు మాత్రమే కరుగుతుంది. సముద్రపు నీటిలో అది ఇంకా తక్కువ. కావున చేపలకు ప్రాణవాయువు ఎక్కువ అవసరమయ్యే ఎండవేళల్లోనే నీటిలో అది తక్కువగా దొరుకుతుంది. చేపలు విసర్జించే అమ్మోనియా రెండవ శత్రువు. గాలి బుడగలు ప్రాణవాయువును అందించగలవు గాని అమ్మోనియాను తొలగించలేవు, దానికి నీటి మార్పిడే ప్రధాన మార్గం.

గొట్టాల అమరిక

నీరు తీసుకునే మూతిని పడవ అడుగున, ఎప్పుడూ నీటిలో మునిగి ఉండే చోట అమర్చి, దానికి జల్లెడ తొడుగుతారు. దాని వెంటనే లోపలివైపు మూసి తెరిచే కవాటం, ఆ తరువాత పంపు ఉంటాయి. సాధారణ పంపు తనంతట గాలిని లాగివేయలేదు, కనుక దానిని నీటిమట్టానికి దిగువనే ఉంచాలి. గొట్టంలో మధ్యన ఎత్తు పల్లాలు ఉంటే గాలి నిలిచిపోయి, పంపు తిరుగుతున్నా నీరు రాదు.

నీటిని తొట్టి గోడకు ఆనించి పక్కవాటుగా వదులుతారు. అప్పుడు నీరు సుడి తిరుగుతూ ఉంటుంది, చేపలు ప్రవాహానికి ఎదురీదుతూ చెదరకుండా ఉంటాయి. ఈ కారణంగానే తొట్టికి మూలలు పనికిరావు. మూలల్లో చేపలు ఒకదానిపై ఒకటి పడి పొలుసులు రాలి చనిపోతాయి. రాగి, జింకు పూత గల ఇనుము చేపలకు విషం కనుక అమరికలకు ప్లాస్టిక్ శ్రేష్ఠం.

పొంగు గొట్టం వచ్చే గొట్టం కంటే తప్పక లావుగా ఉండాలి. పంపు నీటిని ఒత్తిడితో తోస్తుంది, పొంగు గొట్టంలో మాత్రం నీరు తన బరువుతోనే పోవాలి. రెండూ ఒకే కొలతవి వేస్తే తొట్టి పొర్లుతుంది. పొంగు గొట్టం మూతికి జల్లెడ లేకపోతే ఎర చేపలే సముద్రంలోకి పోతాయి.

ఖాళీ చేయుట

మొదట పంపును ఆపి, కవాటాన్ని మూసి, తరువాతనే తొట్టి అడుగున నిలబెట్టిన గొట్టాన్ని పెరికితే నీరు బయటకు పోతుంది. అయితే తొట్టి అడుగు బయటి నీటిమట్టం కంటే ఎత్తున ఉన్నప్పుడే ఇది సాధ్యం. దిగువన ఉంటే లోపలి నీరు బయటి మట్టానికి దిగి ఆగిపోతుంది, మిగిలినది పంపుతో తోడవలసినదే. సముద్రపు నీరు వాడిన తొట్టిని, పంపును మంచినీటితో కడగాలి.

ప్రమాదాలు

పడవ అడుగున చేసే ప్రతి రంధ్రమూ ప్రమాదమే. నీటిమట్టానికి అర మీటరు దిగువన 25 మిల్లీమీటర్ల గొట్టం ఊడిపోతే నిమిషానికి సుమారు 55 లీటర్లు, అనగా గంటకు మూడు టన్నులకు పైగా నీరు లోపలికి వస్తుంది. అందువలన నీటిమట్టానికి దిగువన ఉన్న ప్రతి అతుకుకూ రెండేసి పట్టీలు బిగించడం, పడవను విడిచి వెళ్ళేటప్పుడు కవాటం మూయడం ఆనవాయితీ. సగం నిండిన తొట్టి మరొక చిక్కు. పడవ ఒరిగినప్పుడు నీరంతా ఆ వైపుకే చేరి మరింత ఒరగజేస్తుంది. తొట్టిని నిండుగానైనా ఉంచాలి, పూర్తిగా ఖాళీగానైనా ఉంచాలి.

తొట్టి నీటితో పాటు పరాయి జీవులు ఒక చెరువు నుండి మరొక చెరువుకు చేరే ప్రమాదం కూడా ఉంది. ఉత్తర అమెరికా మహాసరస్సుల ప్రాంతంలో 1988లో కనుగొనబడిన జీబ్రా ఆల్చిప్పలు వ్యాపించిన తరువాత, అక్కడి అనేక రాష్ట్రాలు నీటిని విడిచి వెళ్ళే ముందే తొట్టి ఖాళీ చేయాలని చట్టం చేశాయి.

కడప ప్రాంతంలో

వల్లూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలకు సముద్రం లేదు. మైలవరం, గండికోట, చిత్రావతి వంటి జలాశయాలలో వేట వలలతోనే గనుక ఎర తొట్టి అవసరం రాదు. కాని జలాశయాలలో వదిలే చేపపిల్లల రవాణాకు ఇదే సూత్రం వర్తిస్తుంది. ప్లాస్టిక్ సంచిలో సుమారు మూడోవంతు నీరు, మిగిలిన భాగం ప్రాణవాయువు నింపి కడతారు. దారిలో నీరు మార్చే వీలు లేదు కనుక పిల్లలను ముందుగా పస్తు ఉంచి, అమ్మోనియా తక్కువయ్యేలా చూస్తారు. కొర్రమేను సంగతి వేరు. అది పైకి వచ్చి గాలి పీల్చే చేప, కొద్దిపాటి నీటిలో కూడా బ్రతుకుతుంది. అంచువరకు నీరు నింపి మూత బిగించిన తొట్టిలో మాత్రం గాలి అందక చనిపోతుంది.