హవాలా, మారకపు రేటు: గల్ఫ్ వలస కార్మికుల సొమ్ము చరిత్రలో ఒక పార్శ్వం

1973 నాటి చమురు ధరల పెరుగుదల అనంతరం గల్ఫ్ దేశాలకు సాగిన శ్రామిక వలసలలో కరీంనగర్, నిజామాబాద్ జిల్లాలవారిది గణనీయమైన భాగం. వీరిలో పలువురు హవాలాను ఆశ్రయించడానికి బ్యాంకు రుసుమును తప్పించుకోవడమే కారణమని చెప్పడం పరిపాటి. ఈ వివరణ అసంపూర్ణం.

అసలు భారం రుసుములో కాక మారకపు రేటులో ఉండేది. 1973 విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం అమలులో ఉన్న కాలంలో, బ్యాంకు ద్వారా పంపిన దిర్హాములకు అధికారిక రేటు ప్రకారమే రూపాయలు దక్కేవి. బయట వాటి విలువ అంతకంటె ఎక్కువ. దుబాయిలో కార్మికుని దిర్హాములు తీసుకొన్న ఏజెంటు స్వదేశంలోని తన మనిషి చేత రూపాయలు ఇప్పించేవాడు. సొమ్ము సరిహద్దు దాటేదే కాదు. అక్కడ మిగిలిన దిర్హాములు దొంగబంగారం కొనుగోలుకు, దిగుమతుల విలువను తక్కువ చేసి చూపిన వర్తకుల చెల్లింపులకు వినియోగమయ్యేవి. కార్మికునికి మెరుగైన రేటు లభించింది ఈ గిరాకీ వల్లనే. అయితే ఏజెంటు ఎగవేస్తే న్యాయస్థానాన్ని ఆశ్రయించే వీలుండేది కాదు.

1992 మార్చిలో వచ్చిన ద్వంద్వ రేటు విధానంలో సొమ్ములో 40 శాతం అధికారిక రేటుకు, 60 శాతం విపణి రేటుకు మారేది. ఆ 40 శాతంపై కలిగిన నష్టాన్ని రసీదు లేని పన్నుగానే పరిగణించాలి. 1993 మార్చిలో రేట్లు ఏకమయ్యాయి. అయినా హవాలా అంతరించలేదు. బ్యాంకు ఖాతా లేని ఇల్లాలికి గుమ్మం వద్దనే సొమ్ము అందడం, అనుమతిపత్రాలు లేని కార్మికుని ఎవరూ గుర్తింపు అడగకపోవడం రేటు సంస్కరణతో తీరే అవసరాలు కావు.