పుర్రచేతి వాద్యము

మూసాపేటలో ఒక యువకుడు కలడనుకొందము. పగలెల్ల మాదాపూరు కార్యాలయములో కంప్యూటరు ముందు కూర్చుండి, సాయంకాలము మెట్రో దిగి ఇల్లు చేరును. అతనికి పండ్రెండు తీగల గిటారుపై మనసు. జీతమున్నది, కోరికయు నున్నది. కాని అతనిది పుర్రచేతి వాటము. అంగడి గోడకు వ్రేలాడు గిటార్లన్నియు కుడిచేతివారికై చేసినవి. "తిప్పి పట్టుకొనరాదా బాబూ?" అని అంగడివాడడుగును. ప్రశ్న చిన్నదే, దాని వెనుక చరిత్ర పెద్దది.

ముందుగా ఆ వాద్యపు నిర్మాణమును తెలిసికొందము. పండ్రెండు తీగలును ఆరు జంటలుగా నుండును. పై స్థాయి జంటలు రెండింటిలోను తీగలొకే శ్రుతిలో పలుకును. తక్కిన నాలుగు జంటలలో ఒక్కొక్క లావు తీగకు తోడుగా ఒక స్థాయి హెచ్చుగా పలికెడి సన్న తీగ యుండును. ఆ జోడు పలుకులోనే దాని సొగసంతయు నున్నది. తీగల బిగువు మొత్తము నూరు కిలోలకు మించును. ఆ భారమును మోయుటకై పలక లోపలి వైపున కొయ్యబద్దలు అతికింతురు. ఆ బద్దల అమరికయు, బ్రిడ్జి మీది ఎముక వాలును, దండి చివరనున్న తీగల గాళ్లును కుడియెడమల సమానముగా నుండవు. తిప్పి పట్టినచో తీగల వరుస తలక్రిందులగును. తీగలను మార్చి కట్టినచో లావు తీగ సన్నని గాడిలో నిమడదు. ఎముక వాలు ఎదురు తిరుగుటచే పై మెట్లలో శ్రుతి తప్పును. కావున పుర్రచేతివానికి కావలసినది తిప్పిన గిటారు కాదు. మొదటినుండియు అతనికై చేసిన గిటారు.

అట్టి భాగ్యము లేనివారేమి చేసిరి? అమెరికాలోని ఉత్తర కరోలినాలో 1893లో జన్మించిన ఎలిజబెత్ కాటన్ అను నల్లజాతి బాలిక, పరుల యిండ్లలో పనిచేసి కూడబెట్టిన సొమ్ముతో స్టెల్లా గిటారొకటి కొన్నది. వెల 3 డాలర్ల 75 సెంట్లు. ఆమెది ఎడమచేతి వాటము, గిటారేమో కుడిచేతిది. ఆమె తీగలు మార్చలేదు; గిటారునే తలక్రిందులుగా పట్టినది. బొటనవ్రేలితో రాగమును, తక్కిన వ్రేళ్లతో మంద్రస్వరములను పలికించినది. నడుమ చిరకాలము వాద్యమును విడిచి, ముదిమిలో మరల చేపట్టినది. 1985లో గ్రామీ బహుమానమందుకొన్నది. ఆమె ఘనత కాదనరానిది. అయినను అచ్చట వాద్యము మనిషికి లొంగలేదు. మనిషియే వాద్యమునకు లొంగి దారి వెదకుకొన్నది. అట్లు దారి దొరకక వాద్యమును గోడకు తగిలించినవారి పేళ్లు చరిత్రలో లేవు.

మన సంగీతరంగమునను ఈ చిక్కు లేకపోలేదు. పళని సుబ్రహ్మణ్య పిళ్లె మృదంగమును ఎడమచేతి వాటమున వాయించిన మహావిద్వాంసుడు, 1962లో దివంగతుడయ్యెను. ఆయన వాద్యము సభకు తగినట్లుగా వినబడవలెనన్నచో మృదంగమును వాయులీనమును తమ స్థానములు మార్చుకొనవలెను. అందులకు కొందరు సమ్మతింపలేదు. చెంబై వైద్యనాథ భాగవతారు ఆయనకు అండగా నిలిచిరి. కచేరీలో ఒక్క చాప జరిపినంతమాత్రమున ఒక విద్వాంసుని చేయి లోకమునకు దక్కినది.

వాద్యమునే మనిషికి తగినట్లు మార్చుకొన్న తెలుగు బిడ్డయు కలడు. 1969లో పాలకొల్లున జన్మించిన మాండలిన్ శ్రీనివాస్, పాశ్చాత్యుల మాండలిన్‌లోని జోడు తీగలను విడిచి, ఒంటి తీగలను కట్టించి, అయిదవ తీగను చేర్చి, విద్యుత్ మాండలిన్‌పై కర్ణాటక గమకములను పలికించెను. జోడు తీగలను ఒక్కమారుగా లాగి గమకము పలికించుట కష్టము. తనకు కావలసినదేమో వాయించువానికి తెలిసినచో, వాద్యము రూపు మార్చుకొనక తప్పదు.

మరి చేయించుకొనుట మన దేశమునకు క్రొత్తయా? కాదు. బొబ్బిలి చెంతనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబములవారు తరతరములుగా పనసకొయ్యతో వీణలు చేయుచున్నారు. కుండయు దండియు ఒకే మ్రానునుండి తొలిచినది ఏకాండి వీణ. వీణకు నాలుగు తీగలు మెట్లపైన, మూడు తాళపు తీగలు ప్రక్కనను ఉండును. ప్రక్క తీగలను చిటికెనవ్రేలు మీటును. ఎడమచేతివానికి వీణ చేయవలెనన్నచో ఆ మూడు తీగలును, వాని బిరడలును ఎదుటి ప్రక్కకు పోవలెను. కొయ్యకు రంధ్రము వేయకమునుపే శిల్పికి ఈ సంగతి తెలియవలెను. చేయువాడును వాయించువాడును ఎదురెదురుగా కూర్చున్నచో ఇది ఒక్క మాటతో తీరును. కర్మాగారములందు ఒకే అచ్చులో వేలకొలది వాద్యములు చేయుట మొదలైన పిదప ఆ మాట వినువాడు దూరమయ్యెను. అందుచేతనే పుర్రచేయి లోపమువలె కానవచ్చెను.

కావున మూసాపేట యువకుడు అంగడివాని మాటకు తలయూపక, శిల్పి నొకని వెదకి తన కోరిక విన్నవించుట మేలు. ఎముక వాలు, గాళ్ల వరుస, లోపలి బద్దలు, దండి ప్రక్కన మెట్లను గుర్తించు చుక్కలు, ఇవన్నియు ఎడమచేతికి తగినట్లుండవలెనని వ్రాతమూలముగా తెలుపవలెను. బయానా ఇచ్చి నెలలు వేచియుండవలసి వచ్చును. వెలయు హెచ్చగును. కాని ఆ వెల విలాసమునకు కాదు. ఒక చేతికి దాని హక్కు నొసగుటకు.

అర్జునుడు ఎడమచేతను బాణములు వేయగలవాడగుటచే సవ్యసాచి యని కొనియాడబడెను. ఆ కథ చెప్పు ఇండ్లలోనే, బిడ్డ ఎడమచేత బలపము పట్టినచో ఆ చేతిపై దెబ్బ వేయుదురు. ఇకమీదట అట్టి బిడ్డ కంటబడినపుడు, ఆ వ్రేళ్లు ఏ తీగకై వేచియున్నవో యని ఒక్క క్షణము ఆగి చూతము.