గొడ్ల సావిట్లో అంబాసిడర్

తెనాలి బస్సు దిగి నందివెలుగు ఊళ్లోకి నడవండి. పెంకుటింటి పక్కన గొడ్ల సావిడి. గొడ్లు లేవిప్పుడు. గాటి పక్కనే, టార్పాలిన్ కింద, 1972 నాటి అంబాసిడర్ మార్క్ టూ. బండి అమ్ముతున్న మాష్టారు తాడు ముళ్లు విప్పుతున్నారు, అవతలి కొస మీరు పట్టుకోండి. దుమ్ము ముక్కులోకి పోతుంది, కాస్త వెనక్కి జరగండి.

ముందు కనిపించేది గళ్ల గ్రిల్లు. క్రోమ్ పొక్కులు లేచింది గానీ ఒక్క గడీ విరగలేదు.

"దుగ్గిరాలలో పసుపు అమ్మిన డబ్బయ్యా ఇది. నాన్న డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూశాడు," అంటారు మాష్టారు.

కొనడానికొచ్చినతను విజయవాడ ఆటోనగర్ మెకానిక్. ఆ మాటకు తలూపి, జేబులోంచి గుడ్డలో చుట్టిన అయస్కాంతం తీశాడు. పెయింటు గీసుకోకుండా గుడ్డ. ముందు మడ్‌గార్డుకు ఠక్కున అతుక్కుంది. వెనక డోరు కింద ఆనిస్తే జారి చేతిలో పడింది.

"ఇక్కడ లప్పం పెట్టారు మాష్టారూ."

"అవును. ఎడమ పక్క కూడా ఉంది, చూడు."

అతను ఇంకా అటు వెళ్లనేలేదు. ఆయనే చెప్పేశారు. అమ్మడమంటే ఇలాగే అమ్మాలి. బాగు చేయించుకోవాల్సిన బండిలో దాచిన ప్రతి లోపం, కొన్నవాడు సగం పని చేయించాక బయటపడుతుంది. చాలా పాత బండ్లు అక్కడే, షెడ్లలో, సగంలో ఆగి చచ్చిపోతాయి.

వంగి మ్యాట్ ఎత్తండి. కాలువ నీళ్ల ఊరు, ఎప్పుడూ చెమ్మే. డ్రైవరు కాళ్ల కింద రేకు చిల్లులుపడి సావిడి నేల కనిపిస్తోంది. ఇది చిన్న సంగతి కాదు. లారీకి ఉన్నట్టు అంబాసిడర్‌కు విడిగా ఛాసిస్ ఉండదు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ నుంచి వచ్చిన కట్టుబడి, బరువంతా బాడీయే మోస్తుంది. తలుపుల కింది పట్టీలు తుప్పు తింటే బండి నడుం వంగిపోతుంది, తలుపులు సరిగా పడవు. మెకానిక్ నాలుగు తలుపులూ తీసి వేశాడు. నాలుగూ ఒక్క దెబ్బకే పడ్డాయి. మొహంలో వెలుగు అప్పుడొచ్చింది.

బానెట్ ఎత్తారు. 1489 సీసీ పెట్రోలు ఇంజను, బండితో వచ్చిందే. ఎందరో పెట్రోలు ఖర్చు భరించలేక డీజిలు ఇంజను దింపుకున్న రోజుల్లో కూడా వీళ్లు దీన్ని కదపలేదు. ప్లగ్గులు విప్పి, నాలుగు సిలిండర్లలోనూ కాస్త నూనె పోసి, అది దిగేదాకా ఆగాడు. తర్వాత బంపర్ కన్నంలోంచి హ్యాండిల్ దూర్చి, మెల్లగా. కదల్లేదు. ఇంకోసారి. కిర్రుమని పావు చుట్టు తిరిగింది. మాష్టారు బానెట్ అంచు గట్టిగా పట్టుకున్నారు.

ఇంతకుముందు ఇద్దరొచ్చారు. ఒకరు ఇనుము లెక్కన అడిగారు. ఇంకొకరు ఇంజను మార్చి, రంగులేసి, పెళ్లిళ్లకు అద్దెకిస్తామన్నారు. ఆయన ఇద్దరికీ కాదన్నారు. 2021 కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు, పాత నంబరు కూడా ఉంచుకోవచ్చు. కానీ ఛాసిస్, బాడీ, ఇంజను మార్చి ఉండకూడదు, వ్యాపారానికి తిప్పకూడదు. నిబంధన లేకున్నా నేను ఆయన పక్షమే. అంబాసిడర్లు తయారుచేసిన ఉత్తరపాడా ఫ్యాక్టరీ 2014 మేలో ఆగిపోయింది. పోగొట్టుకున్నది మళ్లీ తయారవదు.

మెకానిక్ బానెట్ లోపలి ప్లేటు గుడ్డతో తుడిచి, అంకెలు పైకి చదువుతున్నాడు. మీరు ఆర్‌సీ పుస్తకంలో ఒక్కొక్కటీ సరిచూడండి. కలిశాయి.

బేరం ఎక్కువసేపు సాగలేదు. మాష్టారే అన్నారు: "పదివేలు తగ్గిస్తా. ఇంజను మార్చనని రాసివ్వు."

"మార్చను మాష్టారూ. నా మాట మీద నమ్మకం లేదా?"

"ఉంది. అయినా రాయి."

బండి పేరు మార్పిడికి ఫారం 29, ఫారం 30 గాటి గట్టు మీద పరిచారు. సేల్ లెటర్ కింద మెకానిక్ ఆ ఒక్క వాక్యం తన చేత్తో రాసి, సంతకం పెట్టి, సాక్షి సంతకం కోసం కాగితం మీ వైపు జరిపాడు.