వుడ్‌బరీ ఉన్నత పాఠశాలలో ఒక ప్రయోగం

1924 నాటి వలస చట్టంతో అమెరికా దక్షిణ, తూర్పు ఐరోపా వాసుల రాకను బాగా కుదించి, ఆసియా వాసులకు దాదాపుగా తలుపులు మూసివేసింది. భారతీయులు పౌరసత్వానికి అనర్హులని భగత్‌సింగ్ తింద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది అంతకు ముందు సంవత్సరమే. అటువంటి కాలంలో న్యూజెర్సీలోని వుడ్‌బరీ అనే చిన్న పట్టణపు ఉన్నత పాఠశాలలో రేచల్ డేవిస్ డుబాయిస్ ఉపాధ్యాయినిగా చేరింది. ఆమె క్వేకర్ కుటుంబంలో పుట్టిన తెల్లజాతి స్త్రీ. నల్లజాతి మేధావి డబ్ల్యు. ఇ. బి. డుబాయిస్ రచనలు ఆమె ఆలోచనను మలుపు తిప్పాయి. ఇంటిపేరు ఒకటే అయినా ఇద్దరికీ చుట్టరికం లేదు.

విద్యార్థులందరూ ఒకచోట చేరే సభల నిర్వహణ ఆమెకు అప్పగించారు. సాధారణంగా అది ఎవరూ కోరుకోని పని. ఆమె దానినే పనిముట్టుగా మలచుకుంది. ఇటాలియన్లు, జర్మన్లు, యూదులు, చైనీయులు, జపనీయులు, నల్లజాతివారు, ఇలా ఒక్కొక్క సమూహం గురించి విడివిడిగా సభలు జరిగేవి. ఆ సమూహం అమెరికాకు ఏమి ఇచ్చిందో పాటగానో నాటకంగానో విద్యార్థులే ప్రదర్శించేవారు.

అంతటితో ఆగి ఉంటే ఈ ప్రయోగాన్ని ఇంతగా చెప్పుకోవలసిన పని లేదు. సభ మనసును కదిలిస్తుందే గాని, కదిలిన మనసు మరునాటికి మళ్ళీ పాత చోటుకే చేరుతుందని ఆమె గ్రహించింది. అందుకే సభ తరువాత తరగతి గదిలో చర్చ ఉండేది. అంతకన్న ముఖ్యమైనది, ఆ సమూహానికి చెందిన అతిథితో కొద్దిమంది విద్యార్థులు కూర్చుని తేనీరు తాగుతూ మాట్లాడుకోవడం. అనుభూతి, ఆలోచన, పరిచయం, ఈ మూడూ కలిస్తేనే వైఖరి మారుతుందని ఆమె నమ్మకం. నేడు అమెరికా పాఠశాలల్లో జరిగే బహుళసంస్కృతి ఉత్సవాలలో సమోసాలూ భరతనాట్యమూ ఉంటాయి, చప్పట్లు మోగుతాయి. డుబాయిస్ లెక్కలో అది మొదటి మెట్టు మాత్రమే.

ఊరు ఊరుకోలేదు. మాజీ సైనికుల సంఘమైన అమెరికన్ లీజియన్ స్థానిక శాఖ ఆమె రాజీనామా కోరింది. ఆమె లొంగలేదు. 1929లో కొలంబియా విశ్వవిద్యాలయపు టీచర్స్ కాలేజీలో చదువు కోసం వుడ్‌బరీ విడిచింది. 1934లో న్యూయార్క్ పరిసరాల పాఠశాలలకు ఈ పద్ధతిని అందించడానికి ఒక సేవా సంస్థను నెలకొల్పింది. తల్లిదండ్రుల భాషనూ తిండినీ చూసి సిగ్గుపడే వలస కుటుంబాల పిల్లలు ఆమెకు ముఖ్యమైన ఆందోళన. ఇది ప్రవాసాంధ్రులకు వివరించి చెప్పనక్కరలేని సంగతి.

అసలు తగువు 1938-39లో సీబీఎస్ రేడియోలో ప్రసారమైన 26 భాగాల 'అమెరికన్స్ ఆల్, ఇమ్మిగ్రెంట్స్ ఆల్' ధారావాహికతో బయటపడింది. ఒక్కొక్క జాతికీ ఒక్కొక్క భాగం ఉండాలని డుబాయిస్ పట్టుబట్టింది. రచయిత గిల్బర్ట్ సెల్డెస్ అందరినీ కలిపి ఒకే కథగా చెప్పాలన్నాడు. చాలావరకు ఆమె మాటే నెగ్గినా, చైనీయులూ జపనీయులూ ఒకే భాగంలో సర్దుకోవలసి వచ్చింది. యుద్ధం దగ్గరపడుతున్నకొద్దీ, సమూహాలను విడివిడిగా చూపితే దేశం చీలుతుందన్న వాదం ఆమె సంస్థలోనే బలపడింది. చివరకు 1941లో, తాను స్థాపించిన సంస్థనే ఆమె వదులుకోవలసి వచ్చింది. ప్రత్యర్థుల భయం పూర్తిగా నిరాధారమైనదని అనలేము. ఒక సమూహానికి ఒక రోజు కేటాయిస్తే, మిగిలిన రోజులలో దానిని మరచిపోవడం సులువవుతుంది. కాని పేరైనా ఎత్తకుండా అందరినీ కలిపివేస్తే చిన్న సమూహాలు కనబడకుండా పోతాయి. భారతీయులకు పౌరసత్వపు హక్కు లభించినది 1946లోనే అన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి.

1953లో సెనేటర్ మెకార్తీ సంఘం ఆమెను విచారణకు పిలిచింది. అప్పటికి ఆమె సభలను దాటి, వేర్వేరు మూలాలవారిని చిన్న బృందాలుగా కూర్చోబెట్టి, చిన్ననాటి పండుగలనూ వంటలనూ ఋతువులనూ గుర్తుచేసుకొనేలా చేసే సామూహిక సంభాషణ పద్ధతిని రూపొందించింది. 1960లలో మార్టిన్ లూథర్ కింగ్ సంస్థ కోసం దక్షిణాది పట్టణాలలో నల్లవారినీ తెల్లవారినీ ఎదురెదురుగా కూర్చోబెట్టినది ఆ పద్ధతితోనే.